ఆశీర్వాదం ఫోటో

చచ్చిపోయినవాళ్ళను పెళ్ళి ఫోటోలోకి పిలుచుకురావడంలో భాస్కర్‌ని మించినవాడు ఒక్క ఆమదాలవలసలోనే కాదు, అటు చీపురుపల్లి నుంచి ఇటు పలాస దాకా ఎక్కడా లేడు. ఈ మాట ఊళ్ళో ఎవరో అన్నది కాదు, భాస్కరే అంటాడు. అలాగని అబద్ధమూ కాదు. మిగతా స్టూడియోల వాళ్ళు పోయిన తాతను కంప్యూటర్‌లో కత్తిరించి తెచ్చి మనవడి వెనకాల అతికిస్తారు. ఆ తాత గోడకంటించిన ఎలక్షను పోస్టరులా ఉంటాడు, కాళ్ళు నేలకానవు. భాస్కర్ ఫోటోలో అలా కాదు, పోయిన మనిషి నిజంగా వచ్చి నిలబడతాడు. ఒంట్లోంచి వెనకున్న తలుపు కనపడుతుంటుంది, భుజం మీద కండువా మడతలు కనపడుతుంటాయి, వచ్చినవాడు మరుక్షణం వెళ్ళిపోతాడేమో అనిపిస్తుంది. ఆ ఫోటో చూసి ఇంట్లో ఆడవాళ్ళు ఏడవకపోతే పని సరిగా కుదరలేదని భాస్కర్ లెక్క.

కిటుకు పెద్దదేమీ కాదు. గది చీకటి చేసి, మూల ఒక గుడ్డి దీపం పెట్టి, కెమెరా కన్ను చాలాసేపు తెరిచి ఉంచాలి. అంతసేపూ కదలకుండా ఉన్నవాళ్ళు దిట్టంగా పడతారు. మధ్యలో తప్పుకున్న మనిషి సగమే పడతాడు, మిగతా సగం వెనక గోడ పడుతుంది. పోయినాయన పోలికున్న తమ్ముణ్ణో, కొడుకునో తెచ్చి, ఆయన బట్టలే కట్టించి, తలపాగా కిందికి దించి ముఖం నీడలో పెడితే సరి. కాలేజీ కుర్రాళ్ళు దీన్ని దెయ్యం ఫోటో అంటారు. ఫేస్‌బుక్‌లో పెట్టుకోవడానికి వాళ్ళే వచ్చి తీయించుకుంటారు. పెళ్ళివారింట్లో ఆ మాటంటే చీపురుకట్టలు లేస్తాయి కనక భాస్కర్ దానికి ఆశీర్వాదం ఫోటో అని పేరు పెట్టాడు.

సమయం లెక్కపెట్టడానికి అతను అంకెలు వాడడు. అంకెలకు కంగారెక్కువ, పరుగెడతాయంటాడు. విజయనగరంలో పాసింజరు ఎక్కినట్టుగా స్టేషన్ల పేర్లు చదువుతాడు. నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి, సిగడాం, పొందూరు. ఒక్కో స్టేషనుకీ ఒక నిండు ఊపిరి. పొందూరు అనగానే పోయినాయన దిగిపోవాలి. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ మాత్రం దూసి, ఆమదాలవలస, తిలారు, కోటబొమ్మాళి దాటి నౌపడ దాకా ఊపిరి బిగబట్టి కూర్చోవాలి. నౌపడ రాగానే కన్ను మూసుకుంటుంది.

ఆ వైశాఖంలో సాలూరులో జరిగిన పెళ్ళికి ఆడపెళ్ళివారి తరఫున వెళ్ళాడు భాస్కర్. పెళ్ళికొడుకు పృథ్వీరాజ్‌కి సొంత లారీ ఉంది. పెళ్ళికూతురు సుహాసిని దూసి దగ్గర పల్లెలో రైతుబిడ్డ. తండ్రి అప్పలసూరి పొలంలో పాము కరిచి పోయి మూడేళ్ళయింది కనక చిన్నాన్న నూకయ్య, అతని భార్య పీటల మీద కూర్చుని కన్యాదానం చేశారు. కన్నతల్లి నారాయణమ్మ ఎక్కడా కనపడలేదు. భాస్కర్ వెతకనూ లేదు. భర్త పోయిన ఆడమనిషి పడకుండా పెళ్ళి తీయడం అతనికి కొట్టిన పిండి. ఎటు జరిగితే ఎవరు తప్పుకుంటారో అతని భుజాలకే తెలుసు.

తాళి కట్టే సమయానికి పందిరి వెనక వంటశాల తలుపు కొంచెం తెరుచుకుంది. సందులో సగం ముఖం, పైట చెంగు కుక్కుకున్న నోరు. కూతురి మెడ వంక చూస్తున్న ఆ కన్ను లెన్సులో ఎంత దగ్గరగా వచ్చిందంటే భాస్కర్ వేలు దానంతటదే బటన్ మీదికి పోయింది.

"అటేటి తిప్పుతన్నావు బాబూ? తాళిబొట్టు ఇటున్నాది!"

ఆ గొంతు పెళ్ళికొడుకు నాయనమ్మ లక్ష్మణమ్మది. ఆవిడ నుదురూ బోసిదే, భర్త పోయి చాలాకాలమైంది. అందుకే పందిట్లో అడుగు పెట్టకుండా, గుమ్మానికి అవతల కుర్చీ వేయించుకుని, పురోహితుడి దగ్గర నుంచి వంటవాళ్ళ దాకా అందరినీ అక్కడి నుంచే ఆడిస్తోంది. భాస్కర్ కెమెరా తిప్పేశాడు. తాళి మూడుముళ్ళూ చక్కగా పడ్డాయి. వంటశాల తలుపు మూసుకుంది.

మనుగుడుపులకు కొత్త జంట పెళ్ళికూతురి ఊరికి వచ్చింది, తోడుగా లక్ష్మణమ్మా వచ్చింది. వచ్చిన మర్నాడే భాస్కర్‌కి కబురు. సాలూరులో వాళ్ళ వీధిలో రెండిళ్ళలో ఆశీర్వాదం ఫోటోలున్నాయట, తమ ఇంట్లో లేకపోతే చిన్నతనమట. అప్పలసూరి బతికుండగా ఆవిడ చూసిందే లేదు. అయినా "దేవుడంటి మనిసి" అంటోంది. చచ్చినవాడి కళ్ళు చారెడు అని ఊరికే అన్నారా!

భాస్కర్ కెమెరా సంచీ, స్టాండు దింపుకుంటుండగానే సుహాసిని వీధిగుమ్మంలోకి వచ్చింది. పసుపు ఆరని పెళ్ళికూతురు, గొంతు మాత్రం కోర్టు వకీలుది.

"అన్నా, పెళ్ళిలో ఎన్ని ఫోటోలు తీసినావు?"

"ఎనిమిది వందల పైమాటే అమ్మా."

"మా అమ్మ ఎన్నిట్లో ఉన్నాది?"

భాస్కర్ సంచీ జిప్పు లాగాడు. అది తెరిచే ఉంది, మళ్ళీ మూశాడు.

"ఒక్కదాన్లోనూ నేదు," అంది సుహాసిని. "రేపు సాలూరు ఎల్లిపోతాను. రేపొద్దున్న నా పిల్లలు పెళ్ళి పుస్తకం తిప్పి అమ్మమ్మ ఏదంటే నానేటి సెప్పాలి? ఒక్క ఫోటో అన్నా, నా పక్కన మా అమ్మ ఉండాల. మామ్మని అడిగినాను. కొత్త పెళ్ళికూతురు పక్కన అలాటి మనిసి నిల్సుంటే నా తాళికి మంచిది కాదంతంది. మా అమ్మ నా తాళికి సెడు సేస్తాదా?"

ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళున్నాయి, ఒక్క చుక్క కూడా కింద పడనివ్వలేదు. భాస్కర్ ఎన్నో పెళ్ళిళ్ళు తీశాడు. ఇలా నిలదీసిన పెళ్ళికూతురు లేదు.

"ముందు ఈ పని కానీ తల్లీ, సూద్దాం," అన్నాడు. చూద్దాం అనే మాట ఎంత చేతకానిదో అంటున్నప్పుడే తెలిసింది.

నడిమింట్లో పని మొదలైంది. కిటికీలకు దుప్పట్లు, దుప్పట్ల మీద గోనెపట్టాలు. మిట్టమధ్యాహ్నం గదిలో చీకటి పడింది. వెనక దొడ్డితలుపుకి అడ్డంగా బల్ల వేయించి దాని మీద జంటను కూర్చోబెట్టాడు. పాతకాలం చెక్కల తలుపు, మధ్యలో ఇనుప బొడిపెలు. సగం మనిషిలోంచి కనపడటానికి ఇంతకంటే మంచి తలుపు దొరకదు. మూల ఒక బల్బు వెలిగించి, దాని ముందు తెల్ల పంచె వేలాడదీశాడు. కెమెరా వెనక స్టూలు వేసుకుని లక్ష్మణమ్మ సర్దుకు కూర్చుంది.

నారాయణమ్మ పెట్టెలోంచి భర్త బట్టలు తీసింది. తెల్ల చొక్కా, పంచె, అంచు కండువా. కలరా ఉండల వాసన గదంతా నిండింది. నూకయ్య అవి కట్టుకుని జంట వెనక నిలబడ్డాడు. భుజాలు, నిలుపు అచ్చు అన్నవే.

"కదలకు మావా. సుహాసిని తల మీద సెయ్యి పెట్టు. పొందూరు అనగానే సప్పుడు సేయకుండా పక్కకి దిగిపో."

"దిగడం మర్సిపోతే?"

"దిట్టంగా పడిపోతావు. నూకయ్యలాగే వస్తావు, నీకు దండేస్తారు."

అందరూ నవ్వారు. కన్ను తెరుచుకుంది. భాస్కర్ నెల్లిమర్ల అన్నాడు. గరివిడి అనేసరికి నూకయ్య భుజాలు ఎగరడం మొదలైంది. చీపురుపల్లి దగ్గర "ఓలన్నయ్యా" అని బావురుమన్నాడు. రెండోసారి నెల్లిమర్ల దాటకుండానే ఏడ్చాడు. మూడోసారి ఏడవనని ఒట్టేసి, ఒట్టు మీద ఏడ్చాడు. కెమెరా తెర మీద చూస్తే మనిషి లేడు, పొయ్యిలో పచ్చికట్టెలు పెట్టినట్టు పొగ.

"అన్నయ్య సొక్కా ఒంటి మీదుంటే నా వల్ల కాదు బాబో," అని బొత్తాలు ఊడదీసుకున్నాడు నూకయ్య.

ఇంక ఎవరున్నారు? అంత పొడుగు మనిషి ఇంట్లో మరొకరే ఉన్నారు. ఇందాక దీపం సర్దుతున్నంతసేపూ గురి కుదరడానికి భాస్కర్ నారాయణమ్మనే తలుపు ముందు నిలబెట్టాడు. ఆమె నాటుకున్న గుంజలా నిలబడింది. మొగుడూ పెళ్ళాలు ఒకే పొడుగని ఊళ్ళో వాళ్ళను జోడెడ్లని వేళాకోళం చేసేవారట, నూకయ్యే చెప్పాడు.

"అమ్మ నిలబడతాది," అంది సుహాసిని టక్కున.

గది గతుక్కుమంది. అందరూ స్టూలు వంక చూశారు.

లక్ష్మణమ్మ నారాయణమ్మను కాళ్ళ నుంచి తల దాకా చూసింది. "మొకం పడతాదేటి?"

"పడదు మామ్మా. తలపాగా నీడలో ఉంటాది," అన్నాడు భాస్కర్.

"సూసినోళ్ళకి ఎవులు కనపడతారు?"

"అప్పలసూరిగారే."

"మరైతే ఆడు నిలబడినట్టే గాని ఇది నిలబడినట్టు కాదు," అని తీర్పు చెప్పేసింది ముసలావిడ. "కానీండి."

భాస్కర్ లెన్సు గుడ్డ అందుకున్నాడు. చచ్చిన మనిషికి ఈ ఇంట్లో బొట్టుపెట్టి పిలుపు, బతికున్న మనిషికి చచ్చినవాడి వేషం వేసుకుంటేనే చోటు! పైగా ఆ వేషం కుట్టిపెట్టే దర్జీ ఎవరు? తనే. తన పనితనం మీద అతనికి మొదటిసారి రోత పుట్టింది. అయినా చేతులు మాత్రం లెన్సు తుడుస్తూనే ఉన్నాయి.

నారాయణమ్మ మరిది చేతిలోంచి చొక్కా అందుకుని, కాలరు ఒకసారి దులిపి, చీర మీదనే తొడుక్కుంది. పంచె చుట్టుకుంది. కండువా తలకు చుట్టి, అద్దం లేకుండానే ఒక కొసను ఎడమ చెవి మీదికి వంచింది. "ఆయన ఇలగే వొంచీవోరు," అంది ఎవరితోనూ కాదన్నట్టు. నూకయ్య మళ్ళీ ఏడుపుకి సిద్ధమై బయటికి వెళ్ళిపోయాడు.

మొదటిసారికే పడింది. పొందూరు అనగానే ఆమె చప్పుడు లేకుండా గోడవారకి తప్పుకుంది. నౌపడ దగ్గర కన్ను మూసి, తెర మీద చూసి, భాస్కర్ తన తొడ తానే చరుచుకున్నాడు. ఇన్నేళ్ళలో ఇంత బాగా ఎప్పుడూ రాలేదు. కొత్త జంట నిగనిగలాడుతూ కూర్చుంది. వెనకాల తెల్లటి నిలువెత్తు మనిషి వంగి కూతురి తల మీద చెయ్యి పెట్టాడు, ఆ చేతిలోంచి సుహాసిని పాపటబిళ్ళ మెరుస్తోంది. లక్ష్మణమ్మ చూసి దండం పెట్టింది. "బాబూ అప్పలసూరీ, సల్లగా సూడు నాయనా!"

సుహాసిని చూసి కెమెరా తిరిగి ఇచ్చేసింది.

నారాయణమ్మ కూడా వచ్చి చూసింది. తెర మీద వేలు పెట్టబోయి ఆపుకుంది. "ఈ పొగ నానేనేటి బాబూ?"

"మీరే అప్పా," అన్నాడు భాస్కర్, అక్కను పిలిచినట్టు.

"తలుపు బొడిపెలు లెక్కెట్టొచ్చు నాలోంచి," అంది. ఇంకా కాసేపు చూసింది. మూడేళ్ళుగా ఆమె శుభకార్యాల్లో వంటశాల దాటి రాలేదు. ఆ మూడేళ్ళూ ఎలా ఉందో ఎవరో ఫోటో తీసి చేతిలో పెట్టినట్టుంది ఆ చూపు.

మంచిది పడ్డాక కూడా ఇంకొకటి తీయడం భాస్కర్ అలవాటు. మళ్ళీ అందరినీ కూర్చోబెట్టాడు. బల్బు ముందు పంచె సరిచేశాడు. నారాయణమ్మ తలుపు ముందుకెళ్ళి, కూతురి తల మీద చెయ్యి పెట్టింది.

"నెల్లిమర్ల..."

కన్ను తెరుచుకుంది. ఆమె రెండో చెయ్యి పైకి లేచింది. తలపాగా తీసేసి, ఒక్క విసురులో భుజం మీద వేసుకుంది. బోసి నుదురు దీపానికి ఎదురుగా ఎత్తి నిలబడింది.

భాస్కర్ నోట్లో గరివిడి ఆగిపోబోయి బయటికొచ్చింది. ఇప్పుడు కన్ను మూసేస్తే సరిపోతుంది, పాడైపోయింది మళ్ళీ తీద్దాం అంటే ఎవరూ అడగరు. వేలు రిమోటు మీదే ఉంది.

"చీపురుపల్లి... సిగడాం..."

జంటకు ఏమీ తెలియదు, ఎదురుగా చూస్తూ బిగుసుకుని ఉన్నారు.

"పొందూరు."

ఆమె దిగలేదు.

"పొందూరప్పా," అన్నాడు భాస్కర్ మెల్లిగా, ఒక్కసారే. ఆమె కళ్ళు సూటిగా లెన్సులోకి చూస్తున్నాయి. అతనికి అర్థమైంది. రెండోసారి అనలేదు.

స్టూలు కిర్రుమంది. "ఓలమ్మ, దిగదేటది? తలపాగేదీ? ఒలే నారా..."

"మాటాడకు మామ్మా!" కసిరాడు భాస్కర్. "సప్పుడైతే అంతా సెదిరిపోతాది. దూసి..."

మాటలకు ఫోటో చెదరదు. ఆ సంగతి ముసలావిడకు తెలియదు గదా! నోరు రెండు చేతులతో మూసుకుని కూర్చుండిపోయింది. ఆమదాలవలస, తిలారు, కోటబొమ్మాళి. భాస్కర్ ఒక్కో పేరూ తీరిగ్గా, నిండుగా పలికాడు. జీవితంలో ఇంత ఇష్టంగా అతను కెమెరా కన్ను ఎప్పుడూ తెరిచి ఉంచలేదు. నౌపడ దగ్గర మూశాడు.

తెర వెలిగింది. కూతురి వెనక తల్లి నిలబడి ఉంది. అంచు నుంచి అంచు దాకా దిట్టంగా. వెనక తలుపు ఒక్క బొడిపె కూడా ఆమెలోంచి కనపడటం లేదు. మొగుడి చొక్కా, నెరిసిన పాపట, కూతురి తల మీద గట్టి చెయ్యి. తలచుట్టూ మాత్రం తీసేసిన తలపాగా తెల్లటి ఆవిరిలా పడింది. దెయ్యమైంది అదొక్కటే.

"మాయమ్మే!" అని సుహాసిని కెమెరాను గుండెకు హత్తుకుంది. అన్నాళ్ళూ ఆపుకున్న నీళ్ళు అప్పుడు పడ్డాయి.

లక్ష్మణమ్మ లాక్కుని చూసింది. "ఇదేటి నారాయణమ్మా! దిగడం మరిసిపోనావా?"

"మరిసిపోనేదత్తా." నారాయణమ్మ బొత్తాలు ఒక్కటొక్కటే విప్పుతోంది. గొంతులో కోపం లేదు. "ఈ సొక్కా ఏసుకుంటే రానిచ్చినారు, తీసీస్తే పొమ్మంటారు. సొక్కాలో ఉన్నది నానే గదా? నాకు నవ్వొచ్చింది. సచ్చిపోయింది ఆయన, నాను కాదు. దిగబుద్ది కానేదు."

"బాబూ, తుడిసీ దాన్ని."

"తుడవను మామ్మా," అన్నాడు భాస్కర్.

"నిన్ను పిలిసింది నాను!"

"పిలిసింది నువ్వే. తీసింది నాను. మంచి ఫోటో నా సేత్తో సెరపను. నీకు మొదటిది ఫ్రేము కట్టిస్తాను, ఇది సుహాసినమ్మకి."

ముసలావిడ మనవడి వంక చూసింది. పృథ్వీరాజ్ నారాయణమ్మ వంక చూశాడు.

"అత్తా, ఒక మాటడుగుతాను కోపం సేయకు," అంది నారాయణమ్మ, చొక్కా మడతపెడుతూ. "నాను వంటసాల తలుపెనకాల ఉన్నాను. నువ్వెక్కడున్నావు? పెళ్ళంతా నువ్వే సేసినావు. ఆ కెమెరా డబ్బాలో నువ్వున్నావేటి?"

భాస్కర్ వెతకక్కర్లేదు, లేదని అతనికి తెలుసు. నారాయణమ్మను తప్పించిన భుజాలే లక్ష్మణమ్మనూ తప్పించాయి. ఎనిమిది వందల ఫోటోల్లో మేళగాళ్ళున్నారు, వంటవాళ్ళున్నారు, పందిట్లో దూరిన కుక్క కూడా ఉంది.

"నువ్వు నేవేటి మామ్మా?" అన్నాడు పృథ్వీరాజ్ నిర్ఘాంతపోయి. "ఒక్కదాన్లోనూ?"

"నానెందుకురా, పసుపు కుంకాలున్నోళ్ళుంటే సాలు," అని పైట సర్దుకుని అటు తిరిగింది లక్ష్మణమ్మ.

పని అయిపోయింది. భాస్కర్ గోనెపట్టాలు లాగేశాడు, దుప్పట్లు దింపేశాడు. వైశాఖపు ఎండ నడిమింట్లోకి ఒక్కసారిగా వచ్చిపడింది. అందరూ కళ్ళు చికిలించారు. సుహాసిని ఊరుకుందా? తల్లి చెయ్యి పట్టి లాక్కొచ్చి బల్ల మీద తన పక్కన కూర్చోబెట్టింది. ఇప్పుడు చొక్కా లేదు, పంచె లేదు. నారాయణమ్మ తన నేత చీరతో, తన ముఖంతో కూర్చుంది.

"మామ్మా, నువ్వూ రా," అని పిలిచింది సుహాసిని.

"పోవే! ముండమోసినదాన్ని, నానొచ్చి మీ మద్దెన..."

మాట అక్కడితో ఆగిపోయింది. బల్ల మీద నారాయణమ్మ ఆవిడ వంకే చూస్తోంది. ఆ మాట అనడానికి ఆవిడకు నోరు తిరిగింది గాని, ఆ ముఖం చూస్తూ పూర్తి చేయడానికి తిరగలేదు. పృథ్వీరాజ్ జరిగి, పక్కన చెయ్యి వేసి బల్ల తట్టాడు.

లక్ష్మణమ్మ కాసేపు గుమ్మం పట్టుకుని నిలబడింది. గుమ్మం అవతల నిలబడటం ఆవిడకు అలవాటే, ఇవతల నిలబడి ఎటు పోవాలో తెలియకపోవడం కొత్త. తర్వాత గొణుక్కుంటూ, ఎవరినో తిడుతూ, కాళ్ళీడ్చుకుంటూ వచ్చి మనవడి పక్కన కూర్చుంది. కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, కెమెరా వంక బడిపిల్లలా చూసింది.

"లెక్క ఏటీ సదవ్వేటి?"

"అక్కర్నేదు మామ్మా. ఎండున్నాది గదా."

టిక్కుమంది.

"అయిపోనాదేటి?" అంది లక్ష్మణమ్మ.

"అయిపోనాది."

"అంత బేగానా?" ముసలావిడకు వెలితిగా అనిపించింది. మనవడి భుజం మీద నుంచి వంగి, బల్ల చివరనున్న నారాయణమ్మను చూసి, మళ్ళీ భాస్కర్‌ని చూసింది. "కళ్ళు మూసీసినాను బాబూ. ఇంకోటి తియ్యి."